పాత క్రాఫ్ట్స్‌మన్ టేబుల్ సా: గుర్తుపట్టడం, కొనడం, బాగుచేసుకోవడం ఎలా

అమెరికాలో గరాజ్ ఉన్న ఇల్లు తీసుకున్న మనవాళ్లలో చెక్కపని మీద మనసు పడినవాళ్లు చాలామందే ఉన్నారు. బొమ్మల కొలువుకు మెట్లు, పూజా మందిరం, పిల్లల పుస్తకాలకు అల్మరా, ఏది చేయాలన్నా ప్లైవుడ్‌ను తిన్నగా కోయగలగాలి. అందుకు టేబుల్ సా, అంటే బల్ల మధ్య సందులోంచి గుండ్రటి రంపం బ్లేడు పైకి వచ్చి తిరిగే మిషన్ కావాలి. కొత్తగా మంచిది కొనాలంటే ఖర్చు గట్టిగానే అవుతుంది. అదే ఎస్టేట్ సేల్స్‌లో, గరాజ్ సేల్స్‌లో, క్రెయిగ్స్‌లిస్ట్‌లో వెతికితే ముప్ఫై నలభై ఏళ్ల నాటి క్రాఫ్ట్స్‌మన్ టేబుల్ సాలు తక్కువ ధరకే దొరుకుతాయి. వాటిలో కొన్ని ఇప్పటి తేలికపాటి మిషన్ల కంటే చాలా గట్టివి. కొన్ని ఉచితంగా ఇచ్చినా తెచ్చుకోకూడనివి. ఈ రెండింటినీ వేరుచేసి చూడటం కష్టమేమీ కాదు.

ఒక మాట ముందే చెబుతాను. పాత టేబుల్ సాలో టేబుల్, ఆర్బర్ (బ్లేడు బిగించే ఇరుసు) బాగుంటే చాలు. మోటారు, బెల్టు, స్విచ్, ఫెన్స్ (చెక్కను ఆనించి తోసే పక్క బద్ద) అన్నీ మార్చుకోవచ్చు. అయితే బ్లేడు వెనక స్ప్లిటర్ (కోసిన సందు మూసుకుపోకుండా నిలిచే సన్నటి రేకు) బిగించేవరకు ఆ మిషన్ బాగుపడినట్టు లెక్క కాదు. కొనేటప్పుడు, బాగుచేసేటప్పుడు, కోసేటప్పుడు ఈ రెండు విషయాలూ మనసులో ఉండాలి.

ముందు నంబరు ప్లేటు చదవండి

క్రాఫ్ట్స్‌మన్ 1927లో సియర్స్ దుకాణాల సొంత బ్రాండుగా మొదలైంది. 2017లో దాన్ని స్టాన్లీ బ్లాక్ అండ్ డెకర్ కొనుక్కుంది. సియర్స్ మిషన్లను తాను తయారు చేయలేదు, వేరే ఫ్యాక్టరీలతో చేయించి తన పేరు వేసుకుంది. కాబట్టి ముందు భాగంలో పెద్దగా రాసిన పేరు చూస్తే ఏమీ తెలియదు. మిషన్ ఒంటి మీద ఎక్కడో ఒకచోట చిన్న లోహపు ప్లేటు ఉంటుంది. అందులో మోడల్ నంబరు మూడు అంకెలతో మొదలై, ఒక చుక్క, ఆ తర్వాత మరికొన్ని అంకెలతో ఉంటుంది. చుక్కకు ముందున్న ఆ మూడు అంకెలే తయారీదారు ఎవరో చెబుతాయి.

113 అని ఉంటే ఎమర్సన్ ఎలక్ట్రిక్ చేసింది. 1960ల నుంచి 1990ల దాకా సియర్స్ అమ్మిన టేబుల్ సాలలో ఎక్కువ భాగం ఇవే. నా సలహా, మొదటి మిషన్‌గా వీటి కోసమే వెతకండి. 103 అయితే అంతకుముందు కింగ్-సీలీ చేసినది. చూడటానికి అందంగా ఉంటాయి, పోత కూడా మంచిది. కానీ చాలావాటికి 8 అంగుళాల బ్లేడు, చిన్న టేబుల్ ఉంటాయి, బ్లేడును కప్పే గార్డ్ దొరకడం కష్టం. అంతకన్నా పాత మిషన్లలో ఏటవాలు కోతకు బ్లేడు బదులు టేబులే వాలే రకం కూడా ఉంటుంది. ముచ్చటపడి కొనకండి, వాలిన టేబుల్ మీద చెక్క నిలవదు. 315 అయితే రియోబీ, 137 అయితే రెక్సాన్. ఈ రెండిట్లో ఎక్కువగా కనిపించేవి అల్యూమినియం టేబుల్ ఉన్న తేలిక మిషన్లు. బ్లేడు నేరుగా మోటారుకే ఉంటుంది కాబట్టి మోటారు పోతే మిషన్ పోయినట్టే.

113 కనిపించగానే డబ్బు తీయకండి. ఎమర్సన్ తేలిక రకాలు కూడా చేసింది. మీకు కావలసినది వెనకవైపు మోటారు విడిగా వేలాడుతూ, బెల్టుతో బ్లేడును తిప్పే రకం. దాన్ని కాంట్రాక్టర్ సా అంటారు. ఇంకో జాగ్రత్త ఏమిటంటే, మోటారు మీద కూడా వేరే ప్లేటు, వేరే నంబరు ఉంటాయి. విడిభాగాలకు, మాన్యువల్‌కు కావలసింది మిషన్ నంబరు. రెండింటినీ ఫోన్‌లో ఫోటో తీసుకోండి. వింటేజ్ మెషినరీ అనే వెబ్‌సైట్‌లో పాత మిషన్ల మాన్యువల్స్ ఉచితంగా ఉంటాయి. వెళ్లి చూసేలోపే అమ్మేవాళ్లను ప్లేటు ఫోటో పంపమని అడిగి, మీ మోడల్ బొమ్మలు చూసుకుని వెళితే ఏ భాగం లేదో అక్కడే తెలిసిపోతుంది.

ప్లేటు మీద హార్స్‌పవర్ అంకెను నమ్మి ధర పెంచకండి. ఆ రోజుల్లో "మాగ్జిమమ్ డెవలప్డ్" అంటూ 2, 3 హార్స్‌పవర్ అని పెద్ద అక్షరాలతో వేసేవారు. అది మోటారు ఆగిపోయే ముందు ఒక్క క్షణం ఇచ్చే శక్తి. అసలు శక్తి ఆంపియర్లలో తెలుస్తుంది. అమెరికా ఇళ్లలో మామూలు ప్లగ్గు 120 వోల్టులు, 15 ఆంపియర్లు, అంటే లోపలికి వెళ్లేదే 1800 వాట్లు. అందులో కొంత వేడిగా పోతుంది. ఆ ప్లగ్గు మీద నడిచే మోటారు ఎంత పెద్దదైనా ఒకటిన్నర హార్స్‌పవర్ దరిదాపుల్లోనే ఉంటుంది. ఇంటిపనికి అది సరిపోతుంది.

అక్కడ నిలబడి ఏం చూడాలి

టేబుల్ పోత ఇనుమేనా అని చిన్న అయస్కాంతం పెట్టి చూడండి, అల్యూమినియం అయితే అంటుకోదు. టార్చి వేసి మైటర్ గాడుల (అడ్డకోతకు వాడే మైటర్ గేజ్ జారే, టేబుల్ మీది పొడవాటి గాడుల) అంచులను, బ్లేడు తిరిగే సందు చుట్టూ ఉన్న భాగాన్ని వెతకండి. పగులు కనిపిస్తే వదిలేయండి, పోత ఇనుమును అతికించడం ఇంట్లో అయ్యే పని కాదు. తిన్నటి స్టీలు బద్దను టేబుల్ మీద నిలువుగా, అడ్డంగా, మూల నుంచి మూలకు నిలబెట్టి కింద వెలుగు కనిపిస్తుందేమో చూడండి. మధ్యలో 0.010 అంగుళం లోతు ఉన్నా కంగారు లేదు. పైన ఎర్రగా తుప్పు పట్టి ఉంటే సంతోషించండి. అది మీకు ధర తగ్గిస్తుంది, మిషన్‌కు మాత్రం ఏమీ కాదు.

తర్వాత ఆర్బర్, అంటే ఆ ఇరుసు. ప్లగ్గు తీసేసి ఉందని మీ కళ్లతో చూసుకున్నాకే చెయ్యి పెట్టండి. బెల్టు తప్పించి ఇరుసును వేళ్లతో తిప్పండి. మెత్తగా తిరగాలి. గరగరమంటే బేరింగులు పోయాయి, ఇది మార్చుకోగల లోపమే. బ్లేడును పట్టుకుని పక్కలకు, పైకి కిందికి ఊపండి. ఏమాత్రం కదిలినా బేరింగుల ఖర్చు లెక్కేసుకోండి. ఇరుసు మర చెడిపోయినా, బ్లేడు ఆనే అంచు గీతలు పడి వంగినా అసలు బేరం ఆడకండి.

ముందున్న చక్రం తిప్పి బ్లేడును పూర్తిగా పైకి, కిందికి, పక్క చక్రంతో 45 డిగ్రీల వరకు వాల్చి చూడండి. గట్టిగా తిరుగుతుంటే పళ్లలో పొట్టు, జిగురు పేరుకున్నాయని అర్థం, అది శుభ్రం చేస్తే పోతుంది. తిరుగుతూ ఒకచోట జారిపోతుంటే పళ్లు అరిగిపోయాయి.

చివరగా అడగాల్సిన ప్రశ్న: "గార్డ్ ఎక్కడుంది?" చాలామంది కొన్న రోజే తీసి అటక మీద పడేసి ఉంటారు. అమ్మేవాళ్లకు అది మిషన్‌లో భాగమని కూడా తెలియకపోవచ్చు, ముఖ్యంగా తండ్రిగారి సామాను పిల్లలు అమ్ముతున్నప్పుడు. మర్యాదగా అడిగి వెతికించండి. దొరికితే మీకు ఎంతో డబ్బు, పని మిగిలినట్టే.

వీలైతే మోటారు ఆన్ చేయించి వినండి. గూయ్ మని మోగుతూ తిరగకపోతే వెంటనే ఆపమనండి. దాని గురించి కింద చెబుతాను.

ఇంటికి తేవడం

కాంట్రాక్టర్ సా 200 పౌండ్లకు పైనే ఉంటుంది. బ్లేడు తీయండి, బెల్టు తప్పించండి, వెనక వేలాడే మోటారును విప్పి విడిగా పెట్టండి. మోటారు అలాగే ఉంచి పడుకోబెడితే దాని బరువుకు బిగింపులు వంగుతాయి. ఫెన్స్ పట్టాలను పట్టుకుని ఎత్తకండి. ఇద్దరు మనుషులు తప్పనిసరి.

తుప్పు తీయడం

పోత ఇనుప టేబుల్‌ను దోసె పెనంలా చూసుకోవాలి. పొడిగా, పైన పల్చటి పూతతో ఉంటే ఏళ్ల తరబడి కొత్తగా ఉంటుంది. ముందు రేజర్ బ్లేడు గీకుడు పలకతో పైపొరను గీకేయండి. తర్వాత డబ్ల్యూడీ-40 గానీ మినరల్ స్పిరిట్స్ గానీ చల్లి, స్కాచ్-బ్రైట్ ముదురు ఎరుపు ప్యాడ్‌తో ఒకే దిశలో రుద్దండి. ఎర్రటి బురద వస్తుంది, తుడిచి మళ్లీ చల్లండి. మూడు నాలుగుసార్లకు బూడిదరంగు ఇనుము బయటపడుతుంది. నల్లటి మచ్చలు మిగిలితే మిగలనివ్వండి. వాటిని పోగొట్టాలని శాండర్ పెట్టి ఒకేచోట అరగదీస్తే టేబుల్‌లో గుంట పడుతుంది. విప్పగలిగే చిన్న భాగాలను ఎవాపో-రస్ట్ లాంటి ద్రవంలో రాత్రంతా నానబెడితే చేయి నొప్పి తప్పుతుంది.

ఆఖరుకు నూనె జాడ లేకుండా తుడిచి, పేస్ట్ వ్యాక్స్ రెండు పూతలు వేసి మెరిసేలా రుద్దండి. కారుకు వాడే వ్యాక్స్ వద్దు. అందులో సిలికాన్ ఉంటే చెక్కకు అంటి, తర్వాత వేసే పాలిష్‌లో చేపకళ్లలా గుంటలు తేలతాయి. హ్యూస్టన్, అట్లాంటా లాంటి తేమ ఊళ్లలోనైతే ఈ వ్యాక్స్ తరచూ వేయాలి. మంచు పడే రాష్ట్రాల్లో తడిసిన కారును ఆ పక్కనే నిలిపితే తుప్పు తిరిగి వస్తుంది, ఒక దుప్పటి కప్పి ఉంచండి.

పాత రంగును శాండింగ్ చేయవద్దు. పాతకాలపు రంగుల్లో సీసం ఉండొచ్చు, ఇంట్లో పిల్లలుంటే ఆ దుమ్ము మంచిది కాదు. తడిగుడ్డతో తుడిచి వదిలేయండి, రంగు వల్ల కోత మారదు.

మిషన్‌ను తలకిందులు చేస్తే లోపలి పని సులువవుతుంది. పొట్టు వ్యాక్యూమ్‌తో లాగేసి, చక్రాల పళ్లను, మరలను ఇత్తడి బ్రష్‌తో రుద్దండి. ఆ తర్వాత గ్రీజు పూయకండి. గ్రీజుకు పొట్టు అంటుకుని కొన్నాళ్లకు రాయిలా గట్టిపడుతుంది. పొడి లూబ్రికెంట్ లేదా అదే వ్యాక్స్ చాలు.

బేరింగులు మార్చాల్సి వస్తే పాతదాని పక్కన చెక్కిన నంబరు చదివి, రెండు పక్కలా రబ్బరు మూత ఉన్న రకం తెచ్చుకోండి. మాన్యువల్ బొమ్మ ముందు పెట్టుకుని విప్పండి. లాగే పరికరం లేకపోతే ఇరుసును మెషిన్ షాపుకు పట్టుకెళ్లడం మేలు.

మోటారు, వైరు, బెల్టు

బెల్టు లేకుండా మోటారును ఒంటరిగా నడిపి చూడండి. అప్పుడు వచ్చే చప్పుడు మోటారుదే అని ఖాయంగా తెలుస్తుంది. గూయ్ మంటూ తిరగని మోటార్లలో చాలావాటికి రోగం పొట్టే. ఈ మోటార్లు వెనకవైపు తెరిచి ఉంటాయి, లోపల స్టార్ట్ స్విచ్ కాంటాక్టుల మధ్య పొట్టు చేరి కరెంటు అందదు. ప్లగ్గు తీసి, ఎయిర్ కంప్రెసర్‌తో లోపల బాగా ఊదితే తిరగడం మొదలుపెడుతుంది. అప్పటికీ తిరగకపోతే మోటారు వీపు మీద బుడిపెలా ఉండే డబ్బాలోని కెపాసిటర్ పోయి ఉంటుంది. అది ఉబ్బినా, కారినా మార్చండి. ఖరీదు తక్కువే. ప్లగ్గు తీసినా కెపాసిటర్‌లో కరెంటు నిలిచి ఉంటుంది, రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేయకుండా తాకకూడదు. ఆ పని అలవాటు లేకపోతే మోటార్లు బాగుచేసే షాపుకివ్వండి. మోటారు ఉన్నట్టుండి ఆగిపోయి అసలు పలకకపోతే దాని మీద ఎర్ర రీసెట్ బటన్ ఉందేమో చూసి, చల్లబడ్డాక నొక్కండి.

వైరు మీద రబ్బరు పగిలినా, ప్లగ్గులో మూడో పుల్ల విరగ్గొట్టి ఉన్నా మొత్తం మార్చేయండి. ఎక్స్‌టెన్షన్ తప్పకపోతే 12 గేజ్ మందం ఉన్నది, పొట్టిది వాడండి. సన్నటి వైరు మీద వోల్టేజీ పడిపోయి మోటారు వేడెక్కుతుంది. చాలా మోటార్లను లోపలి వైర్లు మార్చి 240 వోల్టులకు మలచుకోవచ్చు, ఎలాగో మూత లోపల బొమ్మ ఉంటుంది. దానివల్ల హార్స్‌పవర్ పెరగదు, కరెంటు సగానికి తగ్గుతుంది, అంతే. మార్చితే స్విచ్ కూడా రెండు వైర్లనూ తెంపే రకం పెట్టాలి, ప్లగ్గు కూడా 240ది ఉండాలి.

నన్నడిగితే ఆ ఖర్చు మాగ్నెటిక్ స్విచ్ మీద పెట్టండి. కరెంటు పోయి వచ్చినప్పుడు మిషన్ తనంతట తాను తిరగకుండా అది ఆపుతుంది.

ఏళ్ల తరబడి ఒకే భంగిమలో ఉన్న బెల్టు ఆ వంపులోనే గట్టిపడి, తిరిగేటప్పుడు మిషన్ మొత్తాన్ని దడదడలాడిస్తుంది. కొత్తది వేయండి. తిన్నటి బద్దను రెండు పుల్లీల ముఖాలకు ఆనించి అవి ఒకే వరసలో ఉన్నాయో లేదో చూసి, పుల్లీ మరలు బిగించండి. చాలా "కంపనం" ఫిర్యాదులు ఇక్కడితో తీరిపోతాయి.

బ్లేడును గాడికి సమాంతరం చేయడం

ఈ పనికి ఒక పూట కేటాయించండి. కోత నాణ్యత, మీ భద్రత రెండూ దీని మీదే ఆధారపడతాయి.

ప్లగ్గు తీయండి. బ్లేడును పూర్తిగా పైకెత్తండి. ఒక పన్ను మీద మార్కర్‌తో గుర్తు పెట్టండి. ఆ పన్నును మీ వైపు చివరకు తెచ్చి, మైటర్ గాడి అంచు నుంచి దానికి దూరం కొలవండి. కాంబినేషన్ స్క్వేర్‌ను (స్కేలు జారే మూలమట్టాన్ని) గాడి అంచుకు ఆనించి దాని స్కేలును పన్ను తగిలేదాకా జరిపితే చాలు, డయల్ ఇండికేటర్ (సన్నటి తేడాలను ముల్లుతో చూపే కొలత పరికరం) ఉంటే ఇంకా మంచిది. ఇప్పుడు బ్లేడును తిప్పి అదే పన్నును అవతలి చివరకు తీసుకెళ్లి అదే గాడి నుంచి మళ్లీ కొలవండి. అదే పన్ను ఎందుకంటే, బ్లేడు కాస్త వంకరగా ఉన్నా లెక్క తప్పదు. రెండు కొలతల తేడా 0.005 అంగుళం లోపు ఉండాలి. 0.003 వస్తే ఇంకా హాయి.

ఎక్కువ తేడా ఉంటే టేబుల్ కిందికి వంగి చూడండి. బ్లేడు, మోటారు మోసే చట్రాన్ని ముందు, వెనక ట్రనియన్లు అనే రెండు పోత ముక్కలు టేబుల్ అడుగుకు బోల్టులతో పట్టి ఉంచుతాయి. ముందువైపు ఒక బోల్టును మాత్రం కాస్త బిగువుగా ఉంచి, మిగతావాటిని పానాతో పావు మలుపు వదులు చేయండి. వెనక ట్రనియన్‌కు చెక్కముక్క ఆనించి సుత్తితో మెల్లగా తట్టండి. కొలవండి. మళ్లీ తట్టండి. సరిపోయాక బోల్టులన్నీ ఒకేసారి బిగించేయకుండా ఒక్కోదాన్ని కొంచెం కొంచెంగా, మార్చి మార్చి బిగించండి. బిగించేటప్పుడే అది జరుగుతుంది కాబట్టి ఆఖరున మళ్లీ కొలవాలి. ఓపిక పట్టాల్సిన చోటు ఇదే. కేబినెట్ సాలలో (కింద మూసిన పెట్టె ఉండే పెద్ద టేబుల్ సాలలో) ఈ బాధ లేదు, టేబుల్‌నే నాలుగు బోల్టులు వదులు చేసి జరుపుకోవచ్చు.

తర్వాత బ్లేడును 45 డిగ్రీలకు వాల్చి ఇదే కొలత చూడండి. కాంట్రాక్టర్ సాలలో వెనక వేలాడే మోటారు బరువుకు కాస్త తేడా వస్తుంది. తేడా ఎక్కువైతే ముందు, వెనక ట్రనియన్లలో ఒకదాని కింద పల్చటి రేకు పెట్టాల్సి వస్తుంది. నిటారు కోతలే ఎక్కువైతే దానికోసం కొట్టుకోకండి. మూలమట్టం పెట్టి 90 దగ్గర, 45 దగ్గర ఆపే మరలను సరిచేసుకోండి.

ఫెన్స్‌ను గాడి అంచుకు సరిగ్గా తెచ్చి, వేలితో రెండు చివర్లా తడిమి చూడండి. గాడికి సమాంతరంగా ఉండాలి. అవతలి చివర బ్లేడుకు దూరంగా వెంట్రుకవాసి ఉన్నా ఫర్వాలేదు, బ్లేడు వైపు మాత్రం అస్సలు మొగ్గకూడదు. ఈ మిషన్లలో అసలు బలహీనమైన భాగం ఫెన్సే, బిగించిన ప్రతిసారీ ఒక్కోలా నిలుస్తుంది. ప్రతి కోతకు ముందు రెండు చివర్లా కొలిచే ఓపిక లేకపోతే డెల్టా వాళ్ల టీ-స్క్వేర్ ఫెన్స్ లాంటిది వేసుకోండి. మిషన్ కన్నా ఫెన్సే ఖరీదైనా విలువైన ఖర్చే.

స్ప్లిటర్ లేకుండా ఒక్క బద్ద కూడా కోయకండి

10 అంగుళాల బ్లేడు నిమిషానికి 3450 సార్లు తిరిగితే పన్ను వేగం గంటకు 160 కిలోమీటర్లు దాటుతుంది. ముందు పళ్లు చెక్కను కిందికి నొక్కుతాయి, వెనక పళ్లు పైకి లేస్తాయి. కోసిన సందు మూసుకుపోయినా, ఫెన్స్ చెక్కను వెనక పళ్లకు నొక్కినా అవి ఆ చెక్కను ఎత్తి మీ పొట్ట మీదికి విసురుతాయి. చెక్కతో పాటు చెయ్యి కూడా బ్లేడు వైపు లాగబడుతుంది. టేబుల్ సా బ్లేడు తగిలి అమెరికాలో ఏటా సుమారు 30 వేల మంది ఎమర్జెన్సీకి వెళుతున్నారని అక్కడి వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ అంచనా. వేలు తగలగానే బ్లేడును ఆపే ఏర్పాటు ఈ పాత మిషన్లలో లేదు. బ్లేడుతో పాటు పైకి కిందికి కదిలే రివింగ్ నైఫ్ కూడా లేదు.

అందుకే గార్డ్‌తో వచ్చిన స్ప్లిటర్ దొరికితే బిగించి, బ్లేడుకు సరిగ్గా వెనక వరసలో నిలబెట్టండి. దాని మందం కోత వెడల్పు కన్నా తక్కువగా, బ్లేడు రేకు మందం కన్నా కాస్త ఎక్కువగా ఉండాలి. సన్నకోత బ్లేడు కొన్నప్పుడు ఇది మళ్లీ చూసుకోండి. దొరకకపోతే బ్లేడు చుట్టూ ఉండే మూతపలకను చెక్కతో కొత్తగా చేసుకుని, బ్లేడు వెనక అందులో చిన్న స్ప్లిటర్ నాటే కిట్లు అమ్ముతారు. 113 మిషన్లలో ఆ మూత కూర్చునే చోటు లోతు చాలా తక్కువ, అర అంగుళం ప్లైవుడ్ సరాసరి పట్టదు. అంచుల్లో అడుగువైపు పల్చగా చెక్కి కూర్చోబెట్టాలి.

తోసే కర్రలు రెండు చేసి, ఫెన్స్ పక్కనే చేతికి అందేలా ఉంచండి. చేతి తొడుగులు వద్దు, బ్లేడు పట్టుకుంటే చేతిని కూడా లాగేస్తాయి. గాజులు, చున్నీ, వేలాడే దారాలు తీసేయండి. కళ్లద్దాలు పెట్టుకోండి. ఈ క్రాఫ్ట్స్‌మన్ స్విచ్‌లలో చాలావాటికి మధ్యలో పసుపురంగు చిన్న తాళం ముక్క ఉంటుంది. దాన్ని లాగేస్తే మిషన్ ఆన్ కాదు. పిల్లలున్న ఇంట్లో పని అయిపోగానే దాన్ని తీసి జేబులో వేసుకోండి.

మొదటి కోతలు

మిషన్‌తో వచ్చిన బ్లేడు పారేయండి. ఇరుసు 5/8 అంగుళం అయితే 10 అంగుళాల బ్లేడులు అన్నిచోట్లా దొరుకుతాయి. 40 పళ్ల సన్నకోత బ్లేడు ఒకటి చాలు, ఈ మోటారుకు భారం తగ్గుతుంది. నారవెంట మందపు చెక్కలు చీల్చే పని ఉంటే 24 పళ్లది కూడా తెచ్చుకోండి.

పక్కకు నిలబడి మిషన్‌ను ఖాళీగా ఐదు నిమిషాలు తిరగనివ్వండి. ఆపి, ప్లగ్గు తీసి, పుల్లీ మరలు, ఆర్బర్ నట్టు మళ్లీ తడమండి. తర్వాత ఒక మామూలు పైన్ బద్దను ఫెన్స్‌కు ఆనించి చీల్చి చూడండి. కోసిన అంచు మీద నల్లటి కాలిన మచ్చలు వస్తే ఫెన్స్ అవతలి చివర మొగ్గుతోందని, లేదా బ్లేడు మొద్దుబారిందని అర్థం. అర్ధచంద్రాకారపు గీతలు ఒకదాని మీద ఒకటి రెండు దిశల్లో కనిపిస్తే వెనక పళ్లు కూడా చెక్కను తాకుతున్నట్టు, బ్లేడు సమాంతరం మళ్లీ కొలవండి. మైటర్ గేజ్‌తో అడ్డంగా కోసిన రెండు ముక్కల్లో ఒకదాన్ని తిరగేసి కోసిన ముఖాలు కలిపి నిలబెట్టండి. సందులో వెలుగు కనిపిస్తే 90 సరిగా లేదు.

నెల రోజులు వాడాక గాడి నుంచి పన్ను దూరాన్ని మరోసారి కొలవండి. కొలత మారి ఉంటే ట్రనియన్ బోల్టు ఏదో వదులైంది. దాన్ని వెతికి బిగించి, అవతలి చివర మళ్లీ కొలవండి.